బెల్టు మీద అక్క చెయ్యి

మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి పనులిడిసి వచ్చిన అందరికీ దండాలు. మా బాలమణక్క ఇగ లేదు. నేను ఆమె తమ్ముణ్ని, పర్వతాలును. సభల మాట్లాడుడు నాకు రాదు. అయినా అక్క పోయిననాడు ఆ కారుల ఉన్నోన్ని నేను. నేనే చెప్పాలె.

అన్నలారా, అక్కలారా! రెండువేల ఆరుల మా అల్లుడు సుధాకర్, అక్క కొడుకు, కారు కొన్నడు. అల్వాల్ల మిలట్రీ ఆఫీసరు ఒకాయన బదిలీ అయి పోతుంటే, ఆయన కాడ చిన్నపిల్లల సీటు గూడ తీసుకున్నడు, బిడ్డ అశ్రిత కోసం. అక్కకు అస్సలు నచ్చలే. "పసిపిల్లను గిట్ల కట్టేస్తరా, దొంగనా?" అని కొడుకు మీదికి లేచింది. పిల్ల ఏడుపు సూడలేక తీసి ఒళ్లె పెట్టుకుంది. గుండ్లపోచంపల్లి కాడ బర్రె అడ్డమొచ్చింది. సుధాకర్ బ్రేకు గొట్టిండు. పిల్ల జారి ముంగటి సీటుకు కొట్టుకుంది, పెదవి పగిలింది. మేం ఎవ్వలమన్నా ఒక్క మాటన్నమా? అనలే. అక్కనే కొంగుతోని నెత్తురు తుడుసుకుంట, "నా చేతులల్ల గంత బలం లేదురా" అన్నది.

ఆ దినం సంది బెల్టు ఆమెనే పెట్టేది. పెండ్లిళ్లకు పోతుంటే చుట్టాలు నవ్విన్రు, "పిల్లకు జైలా?" అన్నరు. అక్క నవ్వలే. బెల్టు పడేదాకా బండి కదలనియ్యలే.

ఇగ మొన్న శామీర్‌పేట తొవ్వల మా కారును లారీ గుద్దింది. కారు పక్కకు పడ్డది. సుధాకర్‌కు సోయి లేదు. నేను ముందు సీట్ల, కాళ్లు ఇరికినయి, మెడ తిరగది. అక్క ఎనుక సీట్ల, కింది పక్కకు నలిగింది. పైన పిల్ల బెల్టుకు ఏలాడుతాంది. "తియ్యి అవ్వా, తియ్యి!" అని ఒకటే ఏడుపు. తీస్తే పగిలిన అద్దాల మీద పడ్తది. నాకు ఇనొస్తాంది, సూడరాదు. ఏం జెయ్యాలె? ఏం జెయ్యగల్గుత? అక్క ఊపిరాడక ఆగుకుంట ఆగుకుంట, "తియ్య బిడ్డా. ఏడువు, అవ్వ ఈడనే ఉంది. గానీ తియ్య" అన్నది.

పక్క గోదాములోళ్లు ఉరికొచ్చి సూస్తే, ఆమె చెయ్యి పైకి లేచి బెల్టు బటన్ మీద కప్పి ఉంది, పిల్ల ఒత్తకుండ. ముందుగాల పిల్లను తీసిన్రు. ఒంటి మీద గీత పడలే. అక్కను తీసేటాళ్లకు పానం లేదు.

సుధాకర్ దవాఖాన్లనే ఉన్నడు. తల్లి లేదని ఆయనకు ఇంక చెప్పలే. నాకైతే దుప్పటి కాళ్ల మీద పడ్డా ఊపిరాడుతలేదు. రేపు అశ్రితను అల్వాల్‌కు, అమ్మమ్మ ఇంటికి తోలియ్యాలె. ఇంకో బండిల పెట్టిన సీటు సూస్తెనే పిల్ల తలుపు పట్టుకొని ఇడుస్తలేదు. ఏడ్సినా కట్టాలె. ఎవ్వలకు చేతులొస్తయి? పిల్ల తల్లి వర్షతోని గాదు. నేనే కడ్త.

అందరు లేసి నిలబడున్రి. మా అక్క కోసం జరసేపు. సప్పుడు చెయ్యకున్రి. లోపల పిల్ల ఇప్పుడే పండుకుంది.