తాగేవాళ్లు చూడని చెట్టు

గోండ్‌పిప్రి దగ్గరి ఓ ఊళ్లో, తెల్లారగట్ల కొంగులో మందుచెక్క దాచుకుని వస్తున్న చిన్నకోడలి చెయ్యి వాకిట్లోనే పట్టుకుంది పెద్దకోడలు.

"పదేండ్ల సంది అత్త కాళ్లు నేనొత్తుతున్న. మందుచెట్టేమో నిన్నగాక మొన్నొచ్చిన నీకు చూపిచ్చింది!"

"అత్త చెప్పొద్దన్నదక్కా."

"నువ్వు చెప్పేదేంది? నీ ఎనకాలే వచ్చిన. వాగొడ్డుకున్న ఎర్రపూల అశోకం. నేను చూసిన!"

చిన్నామె కొంగు జారి చెక్కంతా నేలపాలైంది.

"ఎంత పని చేసినవక్కా! గీ చెక్క కాసి తాగేటోళ్లే చెట్టును చూస్తే మందు పారదట. అందుకే నీకు చూపియ్యలే."

"తాగేది నేనా?"

"మూన్నెల్ల సంది నెత్తురు పోతుంది నీకు. కేబుల్ టీవీల చూసి తెప్పించుకున్న సీసామందు పెట్టెల దాస్తే అత్తకు తెల్వదా? గీ చెక్క పాలల్ల కాసి నీకియ్యమన్నది."

పెద్దామె పట్టుకున్న చెయ్యి వదిలేసింది. తర్వాత కళ్లు తిప్పుకుంది.

"మంచు బాగుండె. నాకేం కానరాలే. మోదుగు చెట్టు కావచ్చు."

చిన్నామె ఒక్కో ముక్కా ఏరుకుంది.

"అవునక్కా, మోదుగే. జర జరుగు, పాలు పొయ్యి మీద పెడత."

"పాలు నేను పెడత," అంది పెద్దామె. "గా పనన్నా నాకియ్యి."