పేపర్లో ఒకరు

ఆ పేపరు మడిచి పెట్టప్పా తీర్థగిరీ, చెప్తాను. మీ అవ్వ బతికినన్నాళ్ళూ నిన్ను ఒక్కసారైనా పేరుపెట్టి పిలవలేదనే కదా నీ బాధ? "ఏయ్ సామీ, ఇట్లా రా సామీ" అని ఊరోళ్ళ బిడ్డను పిలిచినట్టు పిలిచిందని? పేరు నీది కాదురా, మీ తాతది, మా అన్నది. నీకు పెట్టినాము, అంతే. మొగుడి పేరు నోట అంటే ఆయన ఆయుస్సు తగ్గిపోతుందని మన ఆడోళ్ళు అనరు. ఆయన పోయినాక కూడా అనరు. అదేం న్యాయమో నన్నడగద్దు.

మీ తాత ఇండూరులో చింతపండు మూటలెత్తే కూలి. నల్లగా, ఎత్తుగా... నీకు ఆ ముక్కే వచ్చింది, ఎత్తు రాలేదు. ఆ పొద్దు సేలానికి లోడు పోతుంటే మూటలమీద ఎక్కి కూర్చున్నాడు. తొప్పూరు కనుమ దిగువలో మలుపుంది చూడు, అక్కడ లారీ పల్టీ కొట్టింది. నేను అరూరు పక్కన బావి తవ్వేదానికి పోయినాను. మీ అవ్వ కుప్పాయి, పాలు తాగే మీ నాయనను చంకనేసుకుని ఒక్కతే పరిగెత్తింది. సేలం పేపరాయన ఒకడు వచ్చి, "పేరేంటమ్మా?" అని అడిగినాడంట. "తీర్థమలైమీద ఉండే సామి పేరే అయ్యా." "ఏ సామి? శివుడా, మురుగుడా?" "మీరే చెప్పండయ్యా, నేను అనకూడదు" అని కొంగు నోట్లో కుక్కుకునింది. ఆయనకు బస్సు వేళైంది. పోయినాడు.

మరుసటి రోజు టీ అంగడి నరసింహన్ అరవ పేపరు చదివి వినిపించినాడు. డ్రైవరు రాజమాణిక్కం, ఇంకా 'ఒరువర్' బలి. డ్రైవరుకు పేరుంది, వాళ్ళ నాయన పేరుంది, లారీకి నంబరు కూడా ఉంది. మా అన్న ఒరువర్. మన మాటలో ఒకరు. ఎవరో ఒకరు.

మా అన్న పేరు వేయండని సేలానికి పోయి ఆ పేపరు ఆఫీసు ముందర కూర్చున్నాను. "వేస్తాంలే, పోప్పా" అన్నారు. వేసినారో లేదో ఒకడు చదివి చెప్పేదేంది, నేనే చూస్తానని రాత్రిబడికి పోయినాను. కాళియన్ వాత్యారుతో, "అ ఆలు వద్దు సార్, మా అన్న పేరూ, ఆ ఒరువర్ అనే మాటా, రెండే నేర్పించు" అన్నాను. "మొండోడా, గోడ లేకుండానే కప్పు వేస్తావా?" అని తిట్టి, నేర్పించినాడు. అంతే, మా అన్న పేరు కనపడలేదు, ఎక్కడ చూసినా ఆ ఒరువరే. దొంగతనంలో దొరికినోడు ఒరువర్. లాటరీ తగిలినోడు ఒరువర్. పేరు చెప్పకూడని పెద్దమనిషి, "పార్టీలో ముఖ్యమైన ఒరువర్." ఎవరూ పేరు అడగని కూలోడూ ఒరువరే. మాట చిన్నది, దాంట్లో ఎంతమందైనా పడతారు. మా అన్న కూడా దాంట్లోనే పడి ఉన్నాడు.

మీ అవ్వ దినమూ వచ్చి వాకిట్లో నిలబడేది. "ఈ పొద్దు వచ్చిందా మరిదీ?" "లేదు వదినా." "నేను నోరు తెరిచుంటే..." అనేది. అంతకుమించి అనేది కాదు. ఎన్నేండ్లు అడిగిందో! నువ్వు పుట్టినాకే మానింది. ఈ పేరు పెట్టమనింది ఆమేరా. "పేపర్లో రాకపోతే పోనీ, ఇంట్లోనైనా ఉండనీ" అనింది. పెట్టినాక తాను పిలవలేదు. నువ్వు వీధిలో ఆడుకుంటుంటే, "వాణ్ణి పిలువు మరిదీ, గట్టిగా పిలువు" అని నాతో పిలిపించి గోడకానుకుని వినేది. నాకు గొంతు పోయేది. "ఇంకొకసారి" అనేది.

నువ్వేమో ఎనభై మూడు కరువులో తిరుప్పూరుకు పోయినావు. పోయిన నెల, మీ అవ్వ ఆఖరి పొద్దు, మీ చెల్లెలు అంజలై ఒక్కతే పక్కన ఉండె. "తీర్థగిరీ" అనిందంట. స్పష్టంగా. "అన్ననే పిలిచింది తాతా" అని అంజలై ఏడ్చింది. నిన్నే పిలిచిందనుకోప్పా. నీ పేరే కదా.

అయితే పిలిచే ముందు పైట సర్దుకునిందంట...

టీ చల్లారిపోయింది, తాగు.