తుడిచేసిన ఎర్రచుక్క

హలో… ఆ, నేనే. … చెప్పండి సార్. రెండేళ్లకి గుర్తొచ్చానా?

… రక్తపరీక్షల ల్యాబులో చేస్తున్నాను. మీరు గెంటేశాక ఇంకెవరిస్తారు పని? … లేదు, ఎత్తిపొడవట్లేదు. … సరే, ఎత్తిపొడుస్తున్నాను. విషయం చెప్పండి.

ద్రావణం వెలగట్లేదా? … పొద్దుట్నించీ? … ప్రయోగం చూడ్డానికొచ్చిన కమిటీ వాళ్లు పక్కగదిలోనే ఉన్నారా. అయ్యో పాపం.

ఏ ట్యూబు వాడారు? … ఫ్రీజర్ పై అరలో, నా పెట్టెలోది. … సరే, మీ పెట్టే.

సార్, అది వైరస్ నుంచి తీసిన ఎంజైమ్. జన్యువు ముందు తన గుర్తు కనపడితేనే చదివి నకలు తీస్తుంది. లేకపోతే కదలదు, ద్రావణం వెలగదు. నేను దాన్ని కొత్త గుర్తు ఒక్కటే చదివేలా మార్చాను. రీసెర్చ్ పేపర్లో ఉందిగా… నేను రాసిందే, మీ పేరుతో. పెట్టెలో మామూలుదీ ఉంది, మార్చిందీ ఉంది. ద్రావణంలో జన్యువుకి ఉన్నది ఆ కొత్త గుర్తే, మీరు మామూలుది వేసుంటారు.

— తేడానా? మార్చిన వాటి మూత మీద ఎర్రచుక్క ఉంటుంది. … లేదా? ఎందుకుండదు?

… స్పిరిట్‌తో తుడిపించారా. నా పొడి అక్షరాలు కనపడకూడదని. … చుక్క కూడా పోయిందన్నమాట. … లేదు సార్, నవ్వట్లేదు. … నవ్వుతున్నాను.

నోట్‌బుక్కా? నా దగ్గరే ఉంది. ఏ గడిలో ఏది పెట్టానో అంతా రాసే ఉంది.

— నా పేరు తర్వాత కలుపుతారా? తర్వాత వద్దు. ఇప్పుడే కమిటీ పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఈ పని ఎవరిదో చెప్పి, ఆవిడకి ఫోనివ్వండి.

… పరువా? నావి దొంగ ఫలితాలని నలుగురిలో అని పంపించారే, అప్పుడు నాకూ ఉండేది సార్, పరువు. తర్వాత ఆ ఫలితాలే అచ్చేయించుకున్నారు. … ఏడవకండి. నేనప్పుడు ఏడిస్తే తలుపేసుకున్నారు.

— ఆగుతాను. నాకేం తొందర లేదు.

…

నమస్కారమండీ. … అవును, ఆయన దగ్గర చేసిన అమ్మాయినే. … చెప్పారా? మరీ గొణిగారండీ, నాకు వినపడలేదు. ఇంకోసారి చెప్పమనండి.

… నా పేరుతో సహా.

… ఆ. ఇప్పుడు వినపడింది.

రాసుకోండి. మూడో వరస, ఎడమ నుంచి రెండో గడి. … వద్దండీ, ఆయన్ని ముట్టుకోనివ్వకండి. మీరే తియ్యండి. … ఉంటాను.