అద్దాల గది ఖర్చు

ముందా తలుపు వెయ్యి తల్లీ. రాజీనామా ఇచ్చేవాళ్ళు గొంతు పెంచనవసరం లేదు, కాగితమే కావలసినంత అరుస్తుంది. ఆఫీసులో మామయ్యా అనవద్దని ఆరేళ్ళుగా చెబుతున్నాను. సరే, ఈ పూటకు అను. కూర్చో.

ఏమిటిది? పరీక్ష నువ్వే మళ్ళీ చేయించావా? వంద ప్రశ్నలు, పేర్లు కనబడకుండా మీ సెర్చ్ జవాబులూ, ఆ పెద్ద కంపెనీ సెర్చ్ జవాబులూ పక్కపక్కన... ఊఁ. డెబ్బై ఒక్క ప్రశ్నల్లో మీదే బాగుందన్నారు చూసినవాళ్ళు. మరి ఏటా నేను సంతకం చేసి బోర్డుకు పంపే నివేదికలో ముప్పై దాటదేమని, అంతేగా?

చెబుతాను. మనది ఫోన్లు తయారుచేసే కంపెనీ. ఫోను అమ్మితే మనకు మిగిలేదెంత? చెప్పుకుంటే సిగ్గుచేటు. మరి మీ ఎనభై మంది జీతాలు ఈ ఆర్థిక విభాగం ఎక్కడినుంచి తెస్తోందని ఏనాడైనా అడిగావా? తెలివైనవాళ్ళకు ఆ ధ్యాస ఉండదులే.

ఆ పెద్ద సెర్చ్ కంపెనీవాళ్ళు ఇస్తున్నారు. అవునమ్మా, మీరు ఓడించాలని కూర్చున్నవాళ్ళే! మన ప్రతి ఫోనులోనూ ముందు వాళ్ళ సెర్చే తెరుచుకోవాలి. అందుకు ఏటా అద్దె కడతారు. ఆ అద్దెలోంచే మీ గది, మీ కంప్యూటర్లు, మీరు తాగే కాఫీ.

నవ్వకు. నాకూ మొదట్లో నవ్వే వచ్చింది.

ఒప్పందం తిరగరాసుకునే నెలలో వాళ్ళ మనుషులు వస్తారు కదా. లిఫ్టు పక్కనే మీటింగు హాలు ఉండగా, మీ అద్దాల గది ముందునుంచి చుట్టూ తిప్పి తీసుకురావడం ఎందుకనుకున్నావు? ఆ వారం ఎవరికీ సెలవు లేదని, గదిలో తెల్లబోర్డు మీది రాతలు చెరపవద్దని నోటీసు పెట్టేదెవరు? నేనే. వాళ్ళు మీ గది దగ్గర నడక తగ్గిస్తారు. లోపలికి తొంగిచూస్తారు. ఎక్కడ మీది పెట్టేసుకుంటామోనన్న భయంతో, హాలుకు చేరేసరికి అద్దె పావు వంతు పెరుగుతుంది!

దిష్టిబొమ్మా? ఆ మాట నువ్వే అన్నావు, నేననలేదు. అయినా దిష్టిబొమ్మకు ఇంత జీతం ఎవరిస్తారు?

మీది ఫోన్లలో పెట్టామనుకో. ఆ రోజుతో అద్దె ఆగుతుంది. అద్దె ఆగితే మీరూ ఆగుతారు. పెట్టకపోతే నిక్షేపంగా ఉంటారు. ఇందులో అర్థం కానిదేముంది?

చైర్మన్‌గారికి చెబుతావా? వెళ్ళు. రెండో ఏడే నేను చెప్పాను, పిల్ల సాధించింది, సిద్ధంగా ఉంది అని. ఆయన "ఇంకెవరికైనా తెలుసా?" అన్నారు. లేదన్నాను. "అయితే తెలియనివ్వకండి" అన్నారు. అంతే.

అంకెలు మార్చింది నేనే. నాలుగుసార్లు. నీ ఉద్యోగానికి ఢోకా లేకుండా చూడమని మీ అమ్మ నాకు అప్పజెప్పింది. చూశాను.

అలా చూడకు. ఇదిగో నా ఫోను. ఇందులో ఉన్నది మీదే. పరీక్ష కోసమని మీవాళ్ళలో ఒకరిచేత పెట్టించుకుని మళ్ళీ తీయించలేదు. మోకాలినొప్పి దగ్గర్నుంచీ ఏదడిగినా... బాగా చెబుతుంది తల్లీ. చాలా బాగా చెబుతుంది. ఆ మాటే రాసి సంతకం పెట్టమంటే మాత్రం పెట్టలేను.

రాజీనామా అంటావా, నీ ఇష్టం. తేదీ మాత్రం శుక్రవారం వెయ్యి. ఒప్పందానికి వాళ్ళు వచ్చేది గురువారం. ఆ రోజు నీ కుర్చీ ఖాళీగా కనబడకూడదు.