కుక్కపిల్లకు అత్తగారి మాత్ర

హలో… ఆ, నేనేనే, అక్కని. ఊపిరి తీసుకుని చెప్పు, మాటలన్నీ తొక్కిసలాడుకుంటున్నాయి.

…

కుక్కపిల్ల లేవట్లేదా? పొద్దుటి నుంచా?… పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడు… ఎత్తవే! లేవడానికే ఓపిక లేనిది నిన్నేం కరుస్తుంది?… గులాబీరంగులో ఉండాలి. ఎలా ఉన్నాయి?… సున్నం కొట్టిన గోడలానా?

ఒంట్లో రక్తం తగ్గిందన్నమాట. ఏం పెడుతున్నావు?… పాలు. ఇంకా?… పాలే? వచ్చి నెలన్నరయింది, వట్టి పాలమీదేనా?… పళ్లొచ్చిన కుక్కే అది! మీ వాడికి ఆర్నెల్లకే అన్నం తినిపించావు, దీనికేమిటీ ఉపవాసం?… పాలల్లో ఇనుము ఉండీ లేనట్టే ఉంటుందే. కాలేజీలో నేను చదివిన పోషకాహారం ఇరవయ్యేళ్లకి నీ కుక్కకి అక్కరకొచ్చింది.

…

మీ ఆయన ఏం వేశాడూ?… పాలగిన్నెలో ఇనప మేకు వేశాడా! ఇనుము కోసమా?… కుక్కనేమైనా గోడకి తగిలిస్తాడా? తియ్యమను, మింగి చస్తుంది.

— ఏ మాత్ర?… మీ అత్తగారి ఐరన్ మాత్రా? నూరి పాలల్లో… ఆగు. తాగిందా?… ఎందుకు కలిపావో తర్వాత చెబుదువుగాని, తాగిందా లేదా?

…

వాసన చూసి మూతి తిప్పుకుందా. హమ్మయ్య! మీ ఇంట్లో బుర్రున్నది అదొక్కటే. మనుషుల మాత్ర ఆ గుప్పెడు ప్రాణానికి విషమే తల్లీ. వెళ్లి సింకులో పారబొయ్యి… పోశావా? గిన్నె కూడా కడుగు.

ఇప్పుడు పశువుల డాక్టర్ దగ్గరికి బయల్దేరు. కడుపులో పురుగులో, ఒంటిమీద గోమార్లో రక్తం తాగేస్తున్నాయేమో ఆయనే చూడాలి. మందైనా, మోతాదైనా ఆయన చెప్పిందే. ఆ తర్వాత కుక్కపిల్లల తిండి, అప్పుడప్పుడూ చిన్న ఉడికించిన లివర్ ముక్క…

మాంసాన్ని మీ అత్తగారు గడప తొక్కనివ్వరా?… సరే, ఫోన్ ఆవిడకివ్వు, నేను మాట్లాడతా… లేరా? స్పీకర్లో నా మాటలన్నీ విన్నారా?… కుక్కపిల్లేదీ? అదీ లేదా?

కిటికీలోంచి చూడు… కనబడ్డారా?… దాన్ని శాలువాలో చుట్టుకునా? చెప్పులైనా వేసుకోకుండా?… అబ్బో, మోకాళ్ల నొప్పులావిడ పరుగే!

అవునూ, ఆ డాక్టర్ ఎక్కడుంటాడో ఆవిడకి తెలుసా?… తెలీదా! మరి నాతో ఇంకా ఏం మాట్లాడుతున్నావే, పరుగెత్తు!… హలో?… హలో?…

పెట్టేసింది. మంచిపని చేసింది.