కంటి వెనక్కి మందు చేరే దారి

అధ్యక్షులైన పెద్ద డాక్టరుగారికి, ముందు వరసలోని పెద్దలకు, నాతోపాటు నెలనెలా కంట్లో సూది వేయించుకునే నేస్తాలకు, ఇవాళ ఉద్యోగం విరమిస్తున్న మా సిస్టరమ్మకు నమస్కారాలు. నాది వానాకాలం చదువు. లావు అక్షరాలతో రాసుకొచ్చాను, మధ్యలో ఆగితే మరిచిపోయాననుకోకండి, అక్షరం వెతుక్కుంటున్నాను. (నవ్వులు)

ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కుడికంటికీ వెనక పొరలో నీరు చేరింది, సూదితో మందు వెయ్యాలన్నారు. నేను హడలిపోయి, ఇంట్లో ఉన్న కంటి చుక్కలే చాలనుకుని, మందు వెనక్కి జారాలి కదా అని తలకింద దిండు తీసేసి, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని గంటలకొద్దీ వెల్లకిలా పడుకునేదాన్ని. "అత్తయ్యా, మందు కంట్లోకి పోతోందా, చెవుల్లోకా?" అనేది మా కోడలు. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. అలా రెండు నెలలు పోయాయి. అప్పుడు తగ్గిన చూపు మళ్లీ రాలేదు.

సిస్టరమ్మ తిట్టలేదు. "చుక్కలు కంటి ముందువైపే ఆగిపోతాయి మామ్మా. వీధి తలుపు కొడితే పెరట్లోవాళ్లకు వినపడుతుందా? వెనక్కి సూదే దారి" అంది.

"మధ్యలో తుమ్మొస్తేనో?"

"ముందే చెప్పు, ఇద్దరం తుమ్మేశాకే మొదలెడదాం."

మత్తు చుక్కలు వేసి, ముఖాన గుడ్డ కప్పి, డాక్టరుగారు సూది వేస్తుంటే నా తల రెండు చేతులా పట్టుకుంది. ఇప్పటికి ఇరవైమూడు సూదులు. ఉన్న చూపు నిలిచింది.

ఈవిడ వెళ్లిపోతోందని తెలిశాక నాకు ముద్ద దిగలేదు. ఇక సూదులు మానేద్దామనుకున్నాను. సిస్టరమ్మా, ఆ మాట నీకు చెప్పలేదు. పోయిన వారం గుడ్డ తీశాక చూస్తే, నా తల పట్టుకున్నది ఇదిగో, ఈ కొత్త సిస్టరు. పక్కన నిలబడి ఎప్పటిలాగే కబుర్లు చెప్పింది మాత్రం నువ్వు. ముందే ఎందుకు చెప్పలేదని అలిగాను. "చెబితే వచ్చేదానివా?" అన్నావు. వచ్చేదాన్ని కాదు. ఆ మాట నిజమే.

కొత్తమ్మాయీ, వచ్చే నెల పన్నెండో తారీకున నా వంతు ఉంచు. ధైర్యం వచ్చి రావడం లేదు, భయపడుతూనే వస్తాను. సిస్టరమ్మా, నువ్వు నిశ్చింతగా ఇంటికి వెళ్లు. ఈ ముసలిదాని గోడు ఓపిగ్గా విన్న మీ అందరికీ దండాలు. ఇక సెలవు.