రెండో కొలతను నమ్మిన భవానీదేవి గారు

1989 జూలై 3వ తేదీ, సోమవారం నాడు శ్రీమతి భవానీదేవి గారు మన గౌతమీ వైనతేయ ఆక్వా రైతుల సేవా సమాఖ్య రాజోలు శాఖలో రికార్డు సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటికి సమాఖ్య అంటే ఒక గది, రెండు బల్లలు, చెరువు నీటిని పరీక్షించే నాలుగు గాజు సీసాలు. ముప్పై ఆరేళ్ల పైచిలుకు సేవానంతరం, అమలాపురం ప్రధాన కార్యాలయంలో గణాంక విభాగ పర్యవేక్షకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న వారిని అభినందిస్తూ మన సమాఖ్య పత్రికలో నాలుగు మాటలు రాయమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. ఆ గౌరవానికి ఈ కార్యాలయంలో నాకంటే తక్కువ అర్హత ఉన్నవారు లేరు. ఎందుకో చెప్పడానికే ఒప్పుకున్నాను.

1996లో వారు మలికిపురం శాఖకు బదిలీ అయిన కొద్ది నెలలకే పెనుతుపాను వచ్చి కార్యాలయం పైకప్పు ఎగిరిపోయింది. భర్త వీర్రాజు గారి సాయంతో తడిసిన రిజిస్టర్లను ఇంటికి చేర్చి, పేజీ పేజీ విడదీసి ఆరబెట్టి, సిరా కరిగిన చోటల్లా తిరగరాశారు. గట్లే కొట్టుకుపోయాక పాత కొలతలెందుకని అడిగినవారికి, గట్టు మళ్లీ వేసుకుంటారు గాని నీరు ఎలా ఉండేదో మళ్లీ ఎవరు చెబుతారని బదులిచ్చారట. ఈ సంగతి నాకు చెప్పింది వీర్రాజు గారే. భవానీదేవి గారు తమ గురించి తాము చెప్పుకోగా విన్నవారెవరూ లేరు.

నీటిలోని ప్రాణవాయువును కొలిచే మీటర్లు కొత్తగా వచ్చిన రోజున జరిగిన ముచ్చట ఒకటి నేటికీ మన సిబ్బంది చెప్పుకుని నవ్వుకుంటారు. అమ్మడానికి వచ్చిన కంపెనీ ప్రతినిధి మీటరు మహిమను వర్ణిస్తూంటే, భవానీదేవి గారు తాము తాగుతున్న కొబ్బరినీళ్ల గ్లాసును ముందుకు జరిపి, ఇందులో ముంచండీ అన్నారు. మీటరు ఎంతో గంభీరంగా ఒక అంకె చూపించింది. "ఏది ముంచినా అంకె చెబుతోందండీ. మరి ఇది చెరువో కాదో మనమే చూసుకోవాలి" అన్నారు. అందుకే అనుమానం తగిలిన కొలతకు మీటరు తుడిచి రెండోసారి ముంచడం, రెండో కొలతనే లెక్కలోకి తీసుకుని మొదటిదాన్ని ఎర్రసిరాతో కొట్టివేయడం మన సమాఖ్య ఆచారమైంది.

2021లో కంప్యూటర్ విభాగాధికారిగా నేను చేరేనాటికి మన పరిధిలో పంతొమ్మిది వందల చెరువులున్నాయి. ఒక్క అంకె చూస్తే ఏమీ తెలియదు; మూడు సాయంత్రాలు వరసగా ప్రాణవాయువు తగ్గిన చెరువులేవో లెక్కగట్టి చెబితే, ఆ రైతులు ముందే జాగ్రత్తపడి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుకుంటారు. ఇంత విశ్లేషణ చేయగల డేటాబేస్‌ను ఎంచే పని నాకు అప్పగించారు. ఉచితంగా వాడుకోదగిన ఓపెన్ సోర్స్ డేటాబేసులు మూడింటిని తీసుకుని, పాత రిజిస్టర్ల నుంచి ఎక్కించిన కోటిన్నర కొలతల మీద పరీక్షించాను. ఒకటి సెకను లోపే జవాబిచ్చింది. మరొకదానికి పదకొండు సెకన్లు పట్టింది. నా ఎంపిక అక్కడితో అయిపోయింది.

ఎంపిక సమావేశంలో భవానీదేవి గారు ఒక కాగితం తెచ్చారు. రోజూ మనం నిజంగా అడిగే పదకొండు ప్రశ్నలు అందులో ఉన్నాయి. వాటితో పాటు, కొలిచినవారు రేవు దాటాక గాని సిగ్నల్ అందక ఆలస్యంగా వచ్చే కొలతలు, ఒకే చెరువుకు రెండుసార్లు వచ్చే కొలతలు కూడా వారే తయారుచేశారు. వీటితో పరీక్షించమని కోరారు.

"రెండో కొలత వస్తే మొదటిది ఎప్పుడు పోతుందండీ?" అని అడిగారు.

అది వెనకాల తనంతట తానే సర్దుకుంటుందని చెప్పాను.

"ఎంతసేపటికండీ?"

నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ పడి, పదకొండు సెకన్ల దాన్ని తీసుకుంటే మేడమ్ గారు ఈలోగా ఒక రిజిస్టరు రాసేస్తారని హాస్యమాడాను. అందరూ నవ్వారు. "పదకొండు సెకన్లు ఆగే తీరిక మనకి లేదా అండీ?" అని మెల్లగా అని కూర్చున్నారు. నివేదిక పొడవవుతోందన్న సాకుతో ఆ కాగితాన్ని నేను జతచేయలేదు. నా పరీక్ష అంత శుభ్రంగా నెగ్గడానికి కారణం, ఆ పాత కొలతలను అప్పటికే వారి ఎర్రసిరా శుద్ధి చేసి ఉండడమేనన్న బుద్ధి నాకు లేకపోయింది.

2023 వేసవి పంటలో సింహాద్రి గారి చెరువుకు మూడో సాయంత్రం మొదటి కొలత 6.8, రెండోది 4.0 వచ్చాయి. నేను ఎంచిన డేటాబేస్ పాతదాన్ని సర్దుకోకముందే ప్రమాదంలో ఉన్న చెరువుల జాబితా తీశాం. రెండింటి సగటు ముందు సాయంత్రం కొలత కంటే ఎక్కువగా ఉండడంతో అది చెరువు క్షేమమనుకుంది. సింహాద్రి గారి పేరు జాబితాలో లేదు. తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. తప్పు డేటాబేస్‌ది కూడా కాదు. దాని తీరు ఇదీ అని దాని పుస్తకంలోనే రాసి ఉంది. నేను చదవలేదు.

విచారణలో కార్యదర్శి గారు జాబితాకు బాధ్యులెవరని అడిగారు. భవానీదేవి గారు లేచి, "ఆయ్, సంతకం నాదేనండీ" అన్నారు. వారి ఎదురుగా కూర్చుని నేను నా చేతి గడియారం చూసుకున్నాను. మచ్చలేని వారి సర్వీసు రిజిస్టరులో మందలింపు నమోదైంది. సాయంత్రం వారే నా గదికి వచ్చి, రేపటి జాబితా ఎలా తీద్దామని మాత్రం అడిగారు. మూడు వారాలు పక్కపక్కనే కూర్చుని ఆ పదకొండు ప్రశ్నలతో మూడు డేటాబేసులనూ మళ్లీ పరీక్షించాం. కొత్త కొలత రాగానే పాతదాన్ని అక్కడికక్కడే మార్చేది, పదకొండు సెకన్లు తీసుకునేది, ఒక్కటే అన్నింటా నెగ్గింది. నేటికీ సమాఖ్యలో నడుస్తున్నది అదే. ఆ ఎంపికకు వచ్చిన ప్రశంసాపత్రం మీద మాత్రం నా పేరుంది. సిగ్గులేకుండా దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాను కూడా.

కిందటి వారం వారి బల్ల దగ్గర నిలబడి, ఆనాడు నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. ఫైళ్ల కట్టకు దారం ముడివేస్తూ అన్నారు:

"మీరే చెబుతారని చూసేనండీ."

మందలింపు నాకు చెందవలసినదని, వారి రిజిస్టరులోంచి దాన్ని కొట్టివేసి నా రిజిస్టరులో రాయవలసిందని కోరుతూ, జరిగినదంతా వివరించి ఈ ఉదయం పాలకవర్గానికి లేఖ సమర్పించాను. సింహాద్రి గారి ఇంటికి కూడా వెళ్లి చెప్పి వచ్చాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. ఈ సంచికను ఇంటిల్లిపాదీ చదివే వీర్రాజు గారికి, కుమార్తె కీర్తికి, మూడేళ్లుగా భవానీదేవి గారు ఎవరి తప్పు మోస్తున్నారో తెలియాలి.

శ్రీమతి భవానీదేవి గారి శేషజీవితం సుఖశాంతులతో, ఆప్తుల నడుమ ఆనందంగా సాగాలని ఆకాంక్షిస్తున్నాను. తప్పు నాదని చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. నన్ను క్షమించాలో వద్దో తీరిగ్గా తేల్చుకోవడానికి వారికి అంతకు పదింతల ఆయుష్షు, చెక్కుచెదరని ఆరోగ్యం కలగాలని తలవంచి కోరుకుంటున్నాను.

రాజ్‌కుమార్
కంప్యూటర్ విభాగాధికారి, అమలాపురం